శెనక్కాయ విత్తనమంత పంచాంగం

సాయంత్రం మా ముదిగుబ్బ చేను గట్టు మీద కూర్చున్నాం. గొర్రెల మంద ఇంటి దారి పట్టింది. మనవడు అడిగాడు: "జేజినాయనా, కాలం మారిందని వీటికి ఎవరు చెప్తారు?"

"వాటి తలలోనే పంచాంగముందిరా అబ్బీ" అన్నాను. వాడు నమ్మలేదు. మీకూ చెప్తా, వినండి.

మెదడు అడుగున, సన్నటి కాడకు వేలాడుతూ పిట్యూటరీ అనే గ్రంథి ఉంటుంది. మన బడి పుస్తకాల్లో పీయూష గ్రంథి అంటారు. మనిషిలో దాని బరువు అర గ్రాము, అంటే ఒక శెనక్కాయ విత్తనమంత. ఎదకు రావడం, పొదుగులో పాలు పడటం, బొచ్చు రాలి కొత్తది రావడం, అన్నిటికీ దాని ఆజ్ఞ కావాలి. అయితే అది ఉండేది పుర్రెలోపలి చీకట్లో. పగలు పెరిగిందో తరిగిందో దానికెట్లా తెలిసేది?

కన్ను చూసిన వెలుగు కబురు పినియల్ అనే ఇంకో గ్రంథికి చేరుతుంది. చీకటి పడగానే అది మెలటోనిన్ అనే హార్మోనును ఊరిస్తుంది. 1958లో అమెరికాలో ఆరన్ లెర్నర్ బృందం ఆవుల పినియల్ గ్రంథుల నుంచి దీన్ని వేరుచేసింది. రాత్రి ఎంత పొడవో మెలటోనిన్ అంతసేపు ఊరుతుంది. పిట్యూటరీ మెడ దగ్గర పార్స్ ట్యూబరాలిస్ అనే పలచటి పొర ఉంది. దాని కణాలు ఆ నిడివిని లెక్కపెట్టుకుంటాయి.

స్కాట్లాండు దగ్గర సెయింట్ కిల్డా దీవుల్లో సోయే గొర్రెలున్నాయి. కాపరి లేడు, దొడ్డి లేదు, అడవి జంతువుల్లాగే బతుకుతాయి. ఆ జాతి గొర్రెల్లో ఈ కణాలను పరిశీలించి 2015లో శాస్త్రవేత్తలు లౌడన్, లింకన్ల బృందం ఒక తమాషా బయటపెట్టింది. ఒక్కో కణం వేసవి స్థితిలోనైనా ఉంటుంది, శీతాకాలపు స్థితిలోనైనా ఉంటుంది, మధ్యలో ఉండదు. సర్పంచి ఎన్నికలో ఓటు లాంటిదన్నమాట. సగం ఓటంటూ ఉండదు, ఏ పక్షానికి ఎన్ని పడ్డాయన్నదే లెక్క. గొర్రెలను నెలల తరబడి పొడుగు పగళ్లలోనే ఉంచినా, కొన్ని కణాలు వాటంతటవే శీతాకాలం వైపు తిరిగాయి.

అంతకుముందే, 1994లో, లింకన్, క్లార్క్ పొట్టేళ్లలో పిట్యూటరీకి పైనున్న మెదడు భాగం హైపోథాలమస్‌తో సంబంధం తెంచి చూశారు. అయినా ప్రొలాక్టిన్ అనే హార్మోను పొడుగు పగళ్లలో పెరుగుతూ, పొట్టి పగళ్లలో తగ్గుతూనే వచ్చింది. పైనుంచి ఉత్తరువు రాకున్నా గ్రంథి తన లెక్క తాను చూసుకుందన్నమాట.

"మరి మన గొర్రెలు?" అన్నాడు మనవడు. అదీ అసలు ప్రశ్న. సెయింట్ కిల్డాలో ఎండకాలపు పగలు 18 గంటలు, చలికాలంలో ఆరున్నర. మన ముదిగుబ్బలో అతి పొడుగు పగలు 13 గంటలు, అతి పొట్టిది పదకొండుంబావు. ఇంత చిన్న తేడాను నమ్ముకుంటే లాభం లేదు. అందుకే మన గొర్రె ఏ నెలలోనైనా ఎదకొస్తుంది, వాన పడి పచ్చిక మొలిచాక ఇంకా ఎక్కువగా వస్తుంది. కడుపు కాలితే మెదడు పిట్యూటరీ పగ్గం బిగిస్తుంది, అండం విడిపించే హార్మోను తగ్గిపోతుంది. మేత దొరికితే పగ్గం సడలుతుంది.

ఈ ఆజ్ఞల జాడ పేడలోనూ దొరుకుతుంది. హైదరాబాదులో సీసీఎంబీ పరిశోధన సంస్థ వారి లాకోన్స్ ప్రయోగశాల అడవి జంతువులను బెదరగొట్టకుండా పేడలోని హార్మోన్లు కొలుస్తుంది.

మేత దొరికితే పగ్గం సడలుతుందన్నాను కదా, కాబట్టి గొర్రెలున్నవాళ్లకు ఒక మాట. మందలోకి పొట్టేలును వదిలే ముందు రెండు మూడు వారాలు, బక్కచిక్కిన గొర్రెకు రోజూ పావు కిలో దాణా పెట్టండి. కవలలు పుట్టే అవకాశం పెరుగుతుంది. ఆకాశం వాన ఇవ్వకపోయినా, ఆ శెనక్కాయ విత్తనానికి మాత్రం వాన పడినట్టే.