గాథిక్ వెండినగలు

మన యిండ్లలో వెండిపట్టీలును, కుంకుమభరిణెలును కలవు. వానిని చేసిన చేతులను గూర్చి మనము తలచుట అరుదు. ఇంగ్లండు దేశమున నొకప్పుడు ఆ చేతులను గూర్చియే పెద్ద విచారము నడిచెను. ఆ వృత్తాంతమును, ఆ పనివిధానమును ఈ వ్యాసమున సంగ్రహముగా దెలుపుచున్నాము.

ఐరోపాఖండమున 12వ శతాబ్దము మొదలు 16వ శతాబ్దము వరకు, మొనదేలిన కమానులతో గట్టబడిన చర్చీల శిల్పమునకు గాథిక్ శిల్పమని పేరు. ఆ కాలపు కంసాలులు ఆ కమానులను, ఆకులను, తీగెలను వెండిబంగారములలో దింపి, నడుమ రత్నములు పొదిగెడివారు. 19వ శతాబ్దమున ఇంగ్లండులో ఈ శైలి తిరిగి తలయెత్తెను. ప్యూజిన్ అను శిల్పి కల్పించిన నగలు 1851వ సంవత్సరమున లండను మహాప్రదర్శనములో జూపబడెను. 1853లో జాన్ రస్కిన్ గాథిక్ శిల్పస్వభావమును గూర్చి వ్రాయుచు, పనిలో గన్పట్టు మొరటుదనము దోషము కాదనియు, అది పనివాని స్వాతంత్ర్యమునకు గురుతనియు వాదించెను.

ఈ మాటను మనసున నిలుపుకొన్నవాడు ఆష్బీ. ఇతడు 1888లో, తన 25వ యేట, లండనులోని బీదలపేటయగు వైట్‌చాపెల్‌లో నొక హస్తకళాసంఘమును, దానితోడనే యొక పాఠశాలను స్థాపించెను. అందు వెండిపనికి బూనినవారిలో పెక్కుమంది ఆ వృత్తి నెరిగినవారు కారు. చేయుచు, చెడగొట్టుచు, మరల చేయుచు నేర్చుకొనిరి. వారికి దోడ్పడుటకై ఆష్బీ, 16వ శతాబ్దపు ఇటలీ స్వర్ణకారుడగు చెల్లినీ గ్రంథములను ఇంగ్లీషులోనికి దర్జుమా చేసి 1898లో ప్రకటించెను.

ఇక పని యెట్లు జరుగునో చూతము. అచ్చవెండి మిక్కిలి మెత్తన. కావున 925 పాళ్ల వెండికి 75 పాళ్ల రాగి కలుపుదురు. రేకు సుత్తిదెబ్బలకు బిరుసెక్కును. కాల్చినచో మరల మెత్తబడును. అందుచే కొట్టుట, కాల్చుట పెక్కుమారులు జరుగవలెను. తరువాత సన్నని వెండిపట్టీని రాతి చుట్టుకొలతకు వంచి, వెలిగారము రాచి, నగకంటె ముందుగా గరగెడి టంకముతో నదుకుదురు. ముత్యము, ఫిరోజా మొదలగునవి సెగకు జెడును గనుక, అదుకుపని యంతయు ముగిసిన పిదపనే రాతిని ఆ గూటిలో నుంచి, నున్నని యుక్కుపనిముట్టుతో అంచును లోనికి నొత్తుదురు. జిగురుతో పనిలేదు, ఆ సన్నని గోడయే రాతిని పట్టుకొనును. రాళ్లను పలకలుగా జెక్కక, పూర్వపు వాడుక ననుసరించి గుండ్రని బొడిపెలుగా సానబట్టుట వీరికి బ్రీతి. అట్టి చంద్రకాంతము తళుక్కుమనదు. లోపల దీపమున్నట్లు మెల్లగా వెలుగును.

1902లో సంఘమువారు కుటుంబములతో చిప్పింగ్ కాంప్డెన్ అను పల్లెపట్టణమునకు దరలిరి. ఇంతలో వర్తకులు ఇట్టి నగలనే యంత్రములతో నచ్చొత్తి, పైని సుత్తిగురుతులు సైతము గల్పించి, చౌకగా నమ్మసాగిరి. సంఘము నష్టముల పాలై 1908 నాటికి మూతపడెను. ఇందొక చిక్కు దాగియున్నది. స్వేచ్ఛగా, నిదానముగా జేసిన నగ వెల హెచ్చును. బీదల మేలుకోరి మొదలిడిన పని ధనికులకే యమ్ముడుపోవలసివచ్చెను. ఆష్బీకి సైతము ఈ చిక్కు వీడలేదు. అయినను ఆ పని నశింపలేదు. సంఘపు వెండిపనివారిలో నొకడగు జార్జి హార్టు ఆ యూరనే నిలిచెను; అతని వంశీయులు 21వ శతాబ్దమునను అచ్చటి పాత పట్టుమిల్లులో సుత్తి విడువలేదు.

బాలబాలికలారా! ఇంటనున్న పాతనగ నొకదానిని వెనుకకు ద్రిప్పి చూడుడు. ముందువైపు మెరుగు యంత్రమునకును సాధ్యమే. వెనుక నొక యదుకు, ఒక యాకురాతిగీత గన్పట్టినచో, అచ్చట నొక మనుష్యుడు కూర్చుండి పనిచేసినాడని యెరుగుడు.