కారు మొరాయిస్తే: జంప్ స్టార్ట్ చేయడం, పిల్లలకు నేర్పడం

ధనుర్మాస పూజలకు, ముక్కోటి ఏకాదశి దర్శనానికి తెల్లవారకముందే బయలుదేరే రోజులివి. కారు బ్యాటరీలు ఎక్కువగా మొరాయించేదీ ఈ చలిలోనే. 32 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర బ్యాటరీ బలం సుమారు 35 శాతం, సున్నా దగ్గర 60 శాతం తగ్గుతుందని ట్రిపుల్ ఏ సంస్థ చెబుతోంది.

మనం పిల్లలకు డ్రైవింగ్ నేర్పిస్తాం కానీ ఇది నేర్పించడం మరిచిపోతాం. రాత్రిపూట కాలేజీ పార్కింగ్ లాట్‌లో ఒంటరిగా చిక్కుకున్నప్పుడు వాళ్లకు ఇది తెలిసి ఉండాలి.

ముందు జాగ్రత్తలు: బ్యాటరీ పగిలినా, కారుతున్నా, గడ్డకట్టినా ముట్టుకోవద్దు, సహాయానికి ఫోన్ చేయండి. మూసిన గరాజ్‌లో ఇంజిన్ నడపవద్దు. ఉంగరాలు, గాజులు తీసేయండి. చున్నీ, కండువా, పైట చెంగు ఇంజిన్ బెల్టుకు దూరంగా ఉంచండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లయితే ముందు మాన్యువల్ చూడండి.

రెండు కార్లూ ఒకదానికొకటి తగలకుండా దగ్గరగా నిలిపి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఇంజిన్లు, లైట్లు ఆపండి. ఆ తర్వాత వరుస ఇది:

1. ఎర్ర క్లాంప్ ఆగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు.
2. రెండో ఎర్రది మంచి బ్యాటరీ ప్లస్‌కు.
3. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు.
4. చివరి నల్లది ఆగిన కారు ఇంజిన్ మీద, బ్యాటరీకి దూరంగా, రంగు లేని లోహానికి.

మంచి కారును కొన్ని నిమిషాలు నడిపి, తర్వాత రెండోది స్టార్ట్ చేయండి. కేబుల్స్ తీసేటప్పుడు నాలుగు నుంచి ఒకటికి, వెనక్కి రండి. క్లాంపులు ఒకదానికొకటి తగలనీయవద్దు.

నాలుగో మెట్టు ఎందుకలా? బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. చివరి క్లాంప్ తగిలించేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది. అది బ్యాటరీ పక్కనే లేస్తే పేలి, యాసిడ్ కళ్లలో పడవచ్చు. ఈ కారణం తెలిసిన పిల్లలు వరుస మరిచిపోరు.

నేర్పేటప్పుడు మీరు చేసి చూపించి ఊరుకోకండి. ఇంజిన్లు ఆపి, కేబుల్స్ తగిలించకుండా, ఏది ఎక్కడికో పిల్లల చేతే వేలితో చూపించమనండి. ప్రతి మెట్టుకూ "ఎందుకు?" అని అడగండి. తడబడితే మళ్లీ మొదటి నుంచి చెప్పించండి. వాళ్ల కారు మాన్యువల్‌లో మరో పద్ధతి ఉంటే దాన్నే పాటించాలని చెప్పండి.

ఒకసారి స్టార్ట్ అయినంత మాత్రాన బ్యాటరీ బాగుపడినట్టు కాదు. నేరుగా ఆటో పార్ట్స్ షాపుకు తీసుకెళ్లి పరీక్ష చేయించండి. చాలా షాపుల్లో ఉచితంగానే చేస్తారు.