దగ్గు ఆగింది కదా అని ఊరుకోవద్దు

మృగశిర కార్తె దగ్గర పడేసరికి అనంతపురం ప్రాంతంలో చాలా ఇళ్లలో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే పని మొదలవుతుంది. పంచలో కాయల కుప్ప, చుట్టూ ఆడవాళ్లు, మధ్యలో పాకే పిల్లలు. పగిలిన పప్పు ఏరి పక్కన పెడితే ముందు చెయ్యి పడేది చంటివాడిదే. నాలుగు పప్పులు తింటే ఏమవుతుందిలే అనుకుంటాం.

మూడేళ్లలోపు పిల్లలకు దవడ పళ్లు పూర్తిగా రావు. గింజను నమలలేరు. నోట్లో ఉండగానే నవ్వుతారు, ఏడుస్తారు, పరిగెత్తుతారు. ఊపిరి లోపలికి లాగినప్పుడు గింజ గాలిగొట్టంలోకి జారుతుంది. పొలమారినట్టు ఒక్కసారిగా దగ్గు వస్తుంది. కాసేపటికి ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. మోసమంతా ఇక్కడే ఉంది. గింజ బయటికి రాలేదు, ఒక పక్క ఊపిరితిత్తిలోకి దిగి కూర్చుంది. అక్కడ తడికి ఉబ్బుతుంది, దాని నూనెకు గొట్టం లోపలి పొర వాస్తుంది. కొన్నాళ్లకు పిల్లికూతలు, ఆయాసం, జ్వరం. న్యుమోనియా అనో, ఉబ్బసం అనో మందులు వాడుతూనే ఉంటారు.

ఎక్స్‌రేలో రూపాయి బిళ్ల కనపడుతుంది గాని వేరుశనగ గింజ కనపడదు. అందుకే డాక్టరు అడగకపోయినా, ఫలానా రోజు పప్పు తింటూ పొలమారిందని మీరే చెప్పాలి. దగ్గు ఆగినా సరే, అదే రోజు చూపించాలి. పెద్దాసుపత్రిలో మత్తు ఇచ్చి, నోటి గుండా గొట్టం పంపి గింజ తీస్తారు. దీన్నే బ్రాంకోస్కోపీ అంటారు.

అడ్డం పడిన క్షణంలో బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. నీళ్లు పోయడం, అరటిపండు మింగించడం వద్దు. గొంతులో వేలు పెట్టి వెదికితే గింజ ఇంకా లోపలికి పోతుంది. దగ్గు, ఏడుపు ఏదీ రాక పెదవులు నీలమైతే మాత్రం ఆలస్యం పనికిరాదు. ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని, భుజపు రెక్కల మధ్య అరచేత్తో ఐదు దెబ్బలు వేయాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము మధ్య ఎముక మీద ఐదుసార్లు నొక్కాలి. ఏడాది దాటిన పిల్లలకైతే వీపు మీద ఐదు దెబ్బల తర్వాత, వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కాలి. గింజ వచ్చేదాకా మార్చి మార్చి చేస్తూనే ఉండాలి. ఇంకొకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

మింగిన నాణెం కడుపులోకి దిగితే చాలావరకు విరేచనంలో పోతుంది. గొంతులో ఆగిందేమో ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. ఆటబొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ అలా కాదు. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చేస్తుంది, తెల్లారాక చూద్దాం అనుకోరాదు.

మాంకోజెబ్ వంటి మందు పట్టించిన విత్తనం నోట్లో వేసుకుంటే అది ఇంకో ప్రమాదం. వాంతి చేయించబోకండి, మందు ప్యాకెట్టు వెంట తీసుకుని ఆసుపత్రికి పోండి. ఆ విత్తనం గోతం అటక మీదే ఉండాలి. నాలుగైదేళ్లు వచ్చేదాకా పిల్లల చేతికి గింజ ఇవ్వకండి. పప్పు పెట్టాలని ఉంటే వేయించి, మెత్తగా దంచి, బెల్లంతో ముద్ద చేసి పెట్టండి.