కావేరి ఒకటే, చేపలు వేరు

వేసవి సెలవులకు బంధువులు వస్తే ధర్మపురిలో ఉన్న మనం తప్పక చూపించేది హొగెనకల్. పుట్టిలో ఒక చుట్టు, జలపాతం కింద స్నానం, ఆపైన గట్టు మీద వేడివేడి చేపల వేపుడు. ఆ ప్లేటులో ఉన్నది ఏ చేప, దాని స్వస్థలం ఏది అని అడిగేవారు మాత్రం అరుదు.

కావేరి పొడవు సుమారు 800 కిలోమీటర్లు. పేరు ఒకటే గాని, నీరు అంతటా ఒక తీరుగా ఉండదు. కొడగు కొండల్లో సన్నని చల్లని వాగు. అక్కడివి వేలెడంత చేపలు. ప్రవాహానికి కొట్టుకుపోకుండా నోటితో రాళ్లను కరుచుకుని బతుకుతాయి. కిందికి వచ్చేకొద్దీ నీరు వెచ్చబడుతుంది, మడుగులు లోతవుతాయి, మేత రకాలు పెరుగుతాయి. దానితోపాటు చేపల జాతులూ పెరుగుతాయి. వాలుగ, కొరమీను వంటివి నెమ్మదైన నీటివి.

ఇక శివనసముద్రం నుంచి హొగెనకల్ వరకు ఉన్న రాతిలోయ సంగతి వేరు. ఒకచోట ఉరకలు, మరోచోట లోతైన మడుగులు. అక్కడి దొర మూపురపు మహసీర్. నారింజ రంగు రెక్కలు, వీపున ఎత్తైన మూపు. నీట రాలిన పండ్లూ తింటుంది, పీతలూ తింటుంది. 1946లో కావేరి ఉపనది కబినిలో గాలానికి చిక్కిన మహసీర్ 120 పౌండ్లు తూగింది! ప్రపంచంలో కావేరి, దాని ఉపనదుల్లో తప్ప మరెక్కడా లేని చేప ఇది. ఇంత పేరున్నా దీని శాస్త్రీయ నామం 2018లో గాని తేలలేదు. చేపల శాస్త్రజ్ఞురాలు రెమాదేవి గారి పేరిట ‘టోర్ రెమాదేవి’ అన్నారు. అదే ఏడాది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. పేరూ ప్రమాద హెచ్చరికా ఒకేసారి అందాయన్నమాట.

కారణాలు చాలా ఉన్నాయి. తోటాలు పేల్చి చేపలు పట్టడం ఒకటి. మరొకటి మంచి ఉద్దేశంతోనే జరిగింది. గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో మహారాష్ట్రలోని లోనావ్లాలో పొదిగించిన నీలిరెక్కల మహసీర్ పిల్లలను కావేరిలో వదిలారు. ఆ వచ్చినవి పెరిగాయి, ఉన్నది తగ్గింది.

హొగెనకల్ దాటగానే మెట్టూరు జలాశయం. 1934లో ఆనకట్ట పూర్తయ్యాక పారే నీరు నిలవ నీరయింది. మొదట్లో అక్కడ విరివిగా పడిన కావేరి కెండెలు క్రమంగా తగ్గాయి. వాటి చోట వృద్ధి చెందినవి మన గోదావరి వాళ్లకు చిరపరిచితమైన బొచ్చె, శీలావతి, ఎర్రమోసు. బొచ్చె పిల్లలను గోదావరి నుంచి తెచ్చి కావేరిలో వదలడం స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. అంటే మనకంటే ముందే వలస వచ్చిన తెలుగు చేప అన్నమాట! 1952లో మన దేశానికి వచ్చిన ఆఫ్రికా తిలాపియా కూడా తరువాత తోడయింది. తమిళులు దాన్ని జిలేబి అంటారు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది పులస కథ. పుస్తెలమ్మి అయినా తినాలంటారే, ఆ చేపే తమిళంలో ఉళ్ళం. వరదల వేళ సముద్రం నుంచి కావేరికీ ఎదురీదుతూ వచ్చేది. మెట్టూరు కట్టాక దిగువకు ఆ వరదలు తగ్గాయి, పులస రాక కూడా దాదాపు నిలిచిపోయింది.

జలాశయంలో చేపలకు కొదవ లేదుగా అంటారు కొందరు. మా బ్యాంకులో మొత్తం నిల్వ ఒక్కటే చూసి శాఖ బాగుందని ఎవరూ చెప్పరు. ఏ ఖాతాలో ఎంత ఉందో చూడాలి. తిలాపియా ఖాతా నిండినంత మాత్రాన మహసీర్ ఖాతా నిండదు.

కర్ణాటక వైపు కావేరి అభయారణ్యం 1987 నుంచి ఉంది. తమిళనాడు ప్రభుత్వం 2022 నవంబరులో ధర్మపురి, కృష్ణగిరి అడవుల్లో 686 చదరపు కిలోమీటర్లను కావేరి దక్షిణ అభయారణ్యంగా ప్రకటించింది. రెండు గట్లకూ రక్షణ దొరికింది. మధ్యలోని నీరు మాత్రం ఎగువ డ్యాములు ఎప్పుడు వదిలితే అప్పుడే వస్తుంది. ఆ లెక్క పొలాలకు, ఊళ్లకు వేసినది; చేప గుడ్లు పెట్టే కాలం అందులో ఇంకా చేరలేదు.