అర్ధశక్తి: వ్యాయామానికీ మోతాదు ఉన్నది

జబ్బుపడి లేచిన మనిషికి విశ్రాంతిని మించిన మందు లేదని మన ఇళ్లలో ఒక గట్టి నమ్మకం ఉన్నది. జ్వరపడి తేరుకున్నవారి విషయంలో అది కొంతవరకు నిజమే. కాని గుండెపోటు వంటి పెద్ద జబ్బు తరువాత నెలల తరబడి మంచాన్నే అంటిపెట్టుకొని ఉంటే ఆ విశ్రాంతే రెండవ జబ్బుగా పరిణమిస్తుంది. ఈ సత్యాన్ని నేను విశ్వవిద్యాలయంలో చదువుకున్నాను. అంతకు ఎంతో ముందే మా ఇంట్లో కళ్లారా చూశాను. చూసిననాడు అర్థం కాలేదు. ఏ ఒక్క కుటుంబానికైనా మా పొరపాటు తప్పుతుందన్న ఆశతో ఈ నాలుగు మాటలు పాఠకులతో పంచుకుంటున్నాను.

మా ఇంట్లో జరిగినది

మాది తెనాలి దగ్గర ఒక పల్లెటూరు. నాన్నగారు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. రోజూ తెల్లవారుజామున లేచి, బావి నుండి నీళ్లు తోడి, పెరట్లోని అరటి, మల్లె పాదులకు పోసిన తరువాతే స్నానానికి వెళ్లేవారు. 1998లో, తమ 52వ ఏట, ఆయనకు గుండెపోటు వచ్చింది. గుంటూరులో వైద్యం జరిగి ప్రాణాపాయం తప్పింది. ఇంటికి పంపేటప్పుడు "విశ్రాంతి అవసరం" అన్నారు. ఎన్నాళ్లు విశ్రాంతి, ఆ తరువాత ఏమి చేయాలి అని మేము అడగలేదు. ఎవరూ చెప్పనూ లేదు.

ఆ ఒక్క మాటను మేము వేదవాక్యంగా పట్టుకున్నాము. అమ్మ మంచం దగ్గరకే కంచం తెచ్చి పెట్టేది. ఒకనాటి ఉదయం నాన్నగారు మెల్లగా లేచి, సగం నీళ్లున్న చిన్న బకెట్టు పట్టుకొని మల్లెపాదు వైపు వెళ్తున్నారు. నేను అప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను. పరుగెత్తుకెళ్లి ఆయన చేతిలోని బకెట్టు లాక్కున్నాను. "మీకేమైనా అయితే మా గతి ఏమిటి నాన్నగారూ?" అని కోప్పడ్డాను కూడా. ఆయన ఏమీ అనలేదు. తిరిగి వచ్చి మంచం మీద కూర్చున్నారు. మళ్లీ ఎన్నడూ పాదులకు నీళ్లు పోయలేదు.

అమ్మకు చిన్నాన్న అయిన మా చిన్నతాతయ్య ఆయుర్వేద వైద్యులు. ఆయన చూడవచ్చి, "అమ్మాయీ, మీ ఆయన్ని ఇట్లా పడుకోబెట్టి ఉంచకండి. పెద్ద డాక్టరుగారిని ఒకసారి అడిగి, ఓపికలో సగం మేరకు నడిపించండి" అన్నారు. అమ్మ భయపడింది. "ముసలివాళ్లు వ్యాయామం మానాలని మీ శాస్త్రంలోనే ఉందన్నారు కదా చిన్నాన్నా?" అన్నది. "ఉన్నది. ఆయన ముసలివాడు ఎప్పుడయ్యాడు? మీరు చేస్తున్నారు గాని" అన్నారు తాతయ్య. ఆ మాట మేమెవ్వరమూ చెవిని పెట్టలేదు.

ఆరు నెలలు గడిచేసరికి నాన్నగారి పిక్కలు సన్నబడిపోయాయి. వీధి గుమ్మం దాకా నడిస్తే ఆయాసం వచ్చేది. అదంతా గుండె జబ్బే అనుకొని మేము మరింత భయపడి మరింత పడుకోబెట్టాము. ఏళ్లు అట్లాగే గడిచాయి. 2007లో స్నానాలగది గడప దగ్గర కాలు తడబడి పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. ఆ మంచం మీద నుండి ఆయన లేవలేదు.

చదువులో నేర్చినది

అప్పటికి నేను ఫిజియోథెరపీలో పట్టా పుచ్చుకొని ఉన్నాను. 2009లో పై చదువుకు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరానికి వెళ్లాను. నేను చేరిన విభాగం పేరును తెలుగులో చెప్పాలంటే "చికిత్సా వ్యాయామ శరీరధర్మశాస్త్రం, పునరావాసం" అనవచ్చు. ఆరోగ్యవంతుణ్ణి ఆటగాడిగా తీర్చిదిద్దడం ఈ శాస్త్రం పని కాదు. గుండె జబ్బు, మధుమేహం, ఊపిరితిత్తుల వ్యాధులు, కీళ్లవాతం, పక్షవాతం వంటి దీర్ఘవ్యాధులు ఉన్నవారికి వ్యాయామాన్ని ఔషధంగా, తూచిన మోతాదులో ఇవ్వడం దీని పని. ఆ దేశంలో ఇది గుర్తింపు పొందిన వృత్తి. వైద్యుని సిఫారసు ఉన్న దీర్ఘరోగులకు, సంవత్సరానికి కొన్ని పర్యాయాలు, ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ ద్వారా 2006 నుండి ఈ సేవ అందుతున్నది.

మొదట మేము నేర్చుకున్నది కొలవడం. ఛాతీ మీదా, కాళ్లు చేతుల మీదా పది పట్టీలు అంటించి ఈసీజీ తీసేవాళ్లం. ముక్కుకూ నోటికీ తొడుగు పెట్టి, ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్న మనిషి పీల్చే ఆక్సిజన్‌ను లెక్కగట్టేవాళ్లం. అమెరికా వైద్యుడు రాబర్ట్ బ్రూస్ రూపొందించిన పరీక్షలో నడక గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో, పది శాతం ఎత్తుతో మొదలవుతుంది. మూడేసి నిమిషాలకు వేగమూ ఎత్తూ పెరుగుతాయి.

ఊరక కూర్చున్న మనిషి శరీరం, కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటుందని ఒక స్థూలమైన లెక్క. దీనిని ఒక "మెట్" అంటారు. తాపీగా నడిస్తే రెండు మూడు మెట్లు, చురుకుగా నడిస్తే నాలుగు వరకు పడుతుంది. మెట్లెక్కడం, బట్టలుతకడం, తోటపని అన్నిటికీ ఇట్లాంటి లెక్కలున్నాయి. రోగి శక్తి ఎంతో పరీక్షలో తేలితే, ఇంటి పనులలో ఏది చేయవచ్చో, ఏది ఇప్పుడే చేయరాదో చెప్పవచ్చు. ఆ పట్టికను మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొక్కలకు నీళ్లు పోయడం అందులో తేలికపాటి పనుల జాబితాలో ఉన్నది.

మంచం చేసే హాని

1966లో అమెరికాలోని డాలస్ నగరంలో ఒక ప్రసిద్ధమైన పరిశోధన జరిగింది. ఇరవై ఏళ్ల వయసులో ఉన్న ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాలు మంచం దిగకుండా ఉంచారు. వారి శరీరం గరిష్ఠంగా ఆక్సిజన్ వాడుకోగల శక్తి నాలుగవ వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తరువాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయోభారం వల్ల తగ్గిన శక్తి కంటే, ఆనాటి మూడు వారాల మంచం వల్ల తగ్గినదే ఎక్కువని తేలింది.

జబ్బు లేని యువకుల గతి ఇది అయితే, గుండె దెబ్బతిన్న యాభై ఏళ్లవారి మాట చెప్పవలసిన పని లేదు. కదలని కండరం క్షీణిస్తుంది. పిక్క కండరాలు బిగిసి సడలుతూ ఉంటేనే కాళ్లలోని రక్తం సులువుగా గుండె వైపు మళ్లుతుంది. పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకోగలదు. పడుకున్న కండరానికి ఆ అవకాశం లేదు. అందుచేతనే కొద్దిపాటి నడకకే ఆయాసం వస్తుంది. ఇంటివారు దానిని జబ్బు ముదరడంగా భ్రమిస్తారు. మేము భ్రమించినట్లే.

వైద్యశాస్త్రం కూడా ఒకప్పుడు ఇట్లాగే భ్రమించింది. గుండెపోటు వచ్చినవారిని ఆరేసి వారాలు పడుకోబెట్టిన కాలం ఉన్నది. 1952లో బోస్టన్ వైద్యులు శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ రోగులను త్వరగా మంచం దించి కుర్చీలో కూర్చోబెట్టవచ్చునని ప్రకటించడం ఆనాటికి సాహసమే.

ఆరు నిమిషాల నడక

ఆసుపత్రి శిక్షణలో నాకు అప్పగించిన రోగులలో, గుండె రక్తనాళంలో స్టెంట్ వేయించుకున్న ఒక గ్రీకు పెద్దాయన ఉన్నారు. వచ్చిన మొదటి రోజున ఆయన కోటును ఆయన భార్యే విప్పింది. నీళ్ల గ్లాసు కూడా ఆమే అందించింది. ముప్పై మీటర్ల వసారాలో రెండు గుర్తుల మధ్య ఆరు నిమిషాలు నడిపించి దూరం కొలిచే పరీక్ష పెట్టాము. ఆయన అడుగడుగునా ఆగి, రొమ్ము మీద చెయ్యి వేసుకొని భార్య వైపు చూసేవారు. నొప్పి లేదు, ఈసీజీలో దోషం లేదు. ఉన్నది భయం.

మా అధ్యాపకురాలు ఆయనను ఏమీ అడగలేదు. భార్యనే అడిగారు: "ఇంట్లో సరుకుల సంచి ఎవరు మోస్తారు?" ఆమె "నేనే, ఆయన్ని ముట్టుకోనివ్వను" అని గర్వంగా చెప్పింది. ఆ మాట వినగానే నాకు మల్లెపాదూ, నీళ్ల బకెట్టూ కళ్లముందు నిలిచాయి. కాసేపు బయటికి వెళ్లి రావలసి వచ్చింది.

ఎనిమిది వారాలు ఆయన మా వద్దకు వచ్చారు. మొదటి వారం ఐదేసి నిమిషాల నడక, మధ్య మధ్య విశ్రాంతి. భార్యను కూడా పక్కనే నడిపించాము. ఆమె భయం తగ్గనిదే ఆయన భయం తగ్గదు. చివరి రోజున ఆయన కోటు ఆయనే తొడుక్కొని, ఆమె చేతిసంచి కూడా తానే పట్టుకొని వెళ్లారు.

వాగ్భటుని అర్ధశక్తి

ఇంతటి యంత్ర సామగ్రి మధ్య నాకు తరచు చిన్నతాతయ్య గుర్తుకు వచ్చేవారు. సెలవులకు వచ్చినప్పుడు ఆయన పుస్తకాల బీరువా నుండి అష్టాంగహృదయం తీసి చదివాను. సూత్రస్థానం రెండవ అధ్యాయమైన దినచర్యలో వాగ్భటుడు వ్యాయామం వల్ల శరీరానికి లాఘవం, పనిచేసే సామర్థ్యం, జఠరాగ్ని దీప్తి కలుగుతాయనీ, కొవ్వు తగ్గుతుందనీ చెప్పాడు. బలవంతులు, స్నిగ్ధమైన ఆహారం తినేవారు సైతం చలికాలంలోనూ వసంతంలోనూ సగం శక్తి మేరకే చేయాలన్నాడు. తక్కిన ఋతువులలో ఇంకా తక్కువ. అతిగా చేసేవాడు ఏనుగును లాగబోయిన సింహంలా నశిస్తాడని హెచ్చరించాడు.

సగం శక్తి అయినదని తెలిసేదెట్లా? గుండెలో ఉండే వాయువు నోటికి చేరడమే గుర్తు అన్నాడు సుశ్రుతుడు. అంటే ముక్కుతో ఆడే ఊపిరి నోటితో ఆడటం మొదలవుతుంది. నుదురు, ముక్కు, చంకల్లో చెమట పట్టడం, నోరెండటం వంటి గుర్తులను వ్యాఖ్యాతలు చేర్చారు. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 6 నుండి 20 వరకు అంకెలతో, శ్రమను రోగి నోటనే చెప్పించే ఒక కొలబద్ద తయారుచేశాడు. గుండె రోగులను సాధారణంగా 11 నుండి 13 మధ్య, అంటే "తేలిక" నుండి "కొంచెం కష్టం" వరకు నడిపిస్తాము. కొందరు గుండె రోగులు వాడే బీటా బ్లాకర్ మందులు నాడి వేగాన్ని అణచివేస్తాయి కనుక, నాడి లెక్క ఒక్కదానినే నమ్మితే మోసపోతాము. అందువల్ల ఊపిరినీ, మాటనూ కూడా గమనిస్తాము.

అయితే రెండు శాస్త్రాలూ అన్నిటా ఒకటేనని నేను చెప్పను. వాతపిత్త రోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణం ఉన్నవారు వ్యాయామం మానాలని వాగ్భటుని మాట. నేటి పరిశోధన మాత్రం వృద్ధులకు కూడా తగిన మోతాదులో కండరాల వ్యాయామం, తూకం తప్పకుండా నిలబడే సాధన మేలు చేస్తాయనీ, పడిపోవడాన్ని తగ్గిస్తాయనీ చెబుతున్నది. ఆ శ్లోకంలోని ఒక్క పదాన్ని పట్టుకొని పెద్దవారిని మంచానికి కట్టివేయడం తగదని నా మనవి.

యోగం విషయంలో కూడా కొలత అవసరమే. మన దేశంలో 24 ఆసుపత్రులలో, గుండెపోటు వచ్చిన 3,959 మందితో యోగ పునరావాసంపై జరిగిన పరిశోధన 2020లో వెలువడింది. యోగం నేర్చినవారు తమ ఆరోగ్యం మెరుగైనదని చెప్పారు. రోజువారీ పనులకు ఎక్కువగా మరలగలిగారు. మరణాలు, మళ్లీ గుండెపోటు వంటి ప్రమాదాలు మాత్రం గణాంకాల ప్రకారం నిశ్చయంగా తగ్గినట్లు తేలలేదు. కనుక యోగం చేస్తున్నామని మందులు మానరాదు.

ఇంటివద్ద పాటించవలసినవి

1. ఆసుపత్రి వదిలే ముందే డాక్టరుగారిని నాలుగు ప్రశ్నలు అడగండి: నడక ఎప్పుడు మొదలుపెట్టాలి? ఎంతసేపు? ఏ బరువులు ఎత్తరాదు? ఏ లక్షణం కనబడితే ఆపాలి? గుండె శస్త్రచికిత్స అయినవారికి బరువుల విషయంలో ప్రత్యేక నిబంధనలు ఉంటాయి.

2. అనుమతి లభించాక ఐదు నిమిషాల నడకతో, రోజుకు రెండు పూటలా ఆరంభించవచ్చు. ముందు సమయం పెంచండి, తరువాత వేగం. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగిపోతుంటే మోతాదు మించినట్లే.

3. మెల్లగా మొదలుపెట్టి మెల్లగా ముగించండి. హఠాత్తుగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరగవచ్చు.

4. భోజనం చేసిన వెంటనే, మిట్టమధ్యాహ్నపు ఎండలో వద్దు.

5. బలహీనంగా ఉన్న పెద్దలు, గోడకు ఆనించిన కుర్చీలో కూర్చొని లేవడం ఐదారుసార్లు సాధన చేయవచ్చు. పక్కన ఒకరు ఉండాలి.

6. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు గ్లూకోజు లేక పంచదార వెంట ఉంచుకోవాలి. పాదరక్షలు లేకుండా నడవరాదు.

7. దినచర్యలో అభ్యంగం తరువాత వ్యాయామం చెప్పబడింది. గోరువెచ్చని నువ్వుల నూనెతో మృదువుగా మర్దన చేసుకోవచ్చు. కాని చాలాకాలం మంచంలో ఉన్నవారికి ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే దానిని మర్దించవద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వెంటనే వైద్యునికి చూపించాలి.

ఛాతీలో నొప్పి లేక బిగువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్లు తిరగడం, తీవ్రమైన ఆయాసం కనిపిస్తే వెంటనే ఆపి కూర్చోబెట్టండి. డాక్టరు ముందుగా రాసి ఇచ్చిన మందు ఉంటే వేయండి. 108కు ఫోను చేయండి. జ్వరం ఉన్ననాడు, విశ్రాంతిలో కూడా నొప్పి వస్తున్నప్పుడు వ్యాయామం పూర్తిగా మానాలి.

ఈ విద్య నేర్వగోరే పిల్లలకు ఒక మాట. మన రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ బైపీసీ తరువాత ఫిజియోథెరపీ పట్టభద్ర విద్య ఉన్నది. గుండె, ఊపిరితిత్తుల పునరావాసానికి అదే చక్కని ప్రవేశద్వారం. యంత్రాలు నేర్చుకోండి, కాని రోగి ఇంటివారితో మాట్లాడటం కూడా నేర్చుకోండి.

ప్రస్తుతం నేను మన ప్రాంతంలోనే పనిచేస్తున్నాను. అమ్మకు డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పులున్నాయి. ప్రతి ఉదయం చిన్న చెంబుతో పెరట్లోని మొక్కలకు ఆమే నీళ్లు పోస్తుంది. పదిసార్లు తిరగవలసి వస్తుంది. నేను వసారాలో కూర్చొని ఆమె ఊపిరిని గమనిస్తాను తప్ప లేచి వెళ్లను. మీ ఇంట్లో జబ్బుపడి లేచినవారు ఒక చిన్న పని చేయబోతే, డాక్టరుగారి అనుమతి ఉన్నదో లేదో కనుక్కోండి. ఉన్నట్లయితే పక్కన నిలబడండి. వారి చేతిలోని చెంబును మాత్రం లాక్కోకండి.