పెచ్చులుగా లేచే రంగు: చిన్న బొమ్మల ప్రైమర్‌పై అపోహలు – వాస్తవాలు

యుద్ధ క్రీడల బల్లలపైనా, చారిత్రక దృశ్యాల నమూనాలలోనూ నిలబెట్టే, ఎక్కువగా 28 మిల్లీమీటర్ల స్థాయిలో తయారయ్యే మానవాకృతులను మినియేచర్ బొమ్మలంటారు. వాటిపై ఎంతో ఓపికగా వేసిన రంగు కత్తి మొనల వద్ద అరిగిపోయినా, అంగీ మడతల మీద పెచ్చులుగా లేచినా, నింద ముందుగా రంగు సీసా మీదో, ప్రైమర్ డబ్బా మీదో పడుతుంది. చాలా సందర్భాలలో ఆ నింద సరైనది కాదు. రంగు ఊడటానికి కారణం తరచుగా రంగులో కాక, దాని కింద ఉన్న పదార్థంలోనో, పూత వేసిన నాటి గాలిలోనో ఉంటుంది.

అందువల్ల ఏ మందూ వెతకకముందే రాలిన పెచ్చును తిరగేసి, దాని వెనుక వైపును చూడటం అవసరం. పెచ్చు వెనుక ప్రైమర్ రంగు కనిపించి, బొమ్మ మీద ప్లాస్టిక్ గాని లోహం గాని నగ్నంగా బయటపడితే, ప్రైమర్‌కూ బొమ్మకూ మధ్య పట్టు లేదని అర్థం. ప్రైమర్ బొమ్మ మీదే నిలిచి పైరంగు మాత్రమే లేచివస్తే, ప్రైమర్ పూర్తిగా ఆరకముందే రంగు వేసి ఉండాలి, లేదా ఆరిన ప్రైమర్ మీద చేతి జిడ్డు, దుమ్ము చేరి ఉండాలి. పెచ్చుకు రెండు వైపులా ప్రైమరే కనిపించి, అది వేళ్ల మధ్య పొడిలా నలిగిపోతే, ప్రైమర్ పొరే బలహీనంగా ఏర్పడిందని గ్రహించాలి. ఈ మూడు లోపాలకూ మూలాలు వేరు గనుక చికిత్సలూ వేరు. ఏ లోపమో తేల్చుకోకుండా ప్రైమర్ కంపెనీని మార్చడం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

అపోహ: ప్రైమర్ ఒక జిగురు, దేన్నైనా పట్టుకుంటుంది

ప్రైమర్ అంటే మూల పదార్థానికీ పైరంగుకూ మధ్యవర్తిగా నిలిచే తొలి పూత. అది రెండు విధాలుగా పట్టు సంపాదిస్తుంది. మొదటిది ఉపరితలంలోని సన్నని గరుకులోకి, రంధ్రాలలోకి చొచ్చుకుపోయి గట్టిపడటం. రెండవది అణువుల మధ్య ఆకర్షణ వల్ల పదార్థానికి అంటుకోవడం. కొండపల్లి కళాకారులు తెల్ల పొణికి చెక్క బొమ్మను వేడితో ఆరబెట్టి, చింతగింజల పిండితో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అంగాలను అతికి, సున్నపు పూత ఇచ్చి, ఆ తరువాతే రంగులు వేయడంలో కనిపించేది మొదటి సూత్రమే. తేలికైన ఆ చెక్కకు రంధ్రాలు పుష్కలంగా ఉండి, పూతను తమలోకి పీల్చుకొని పట్టుకుంటాయి. నునుపైన ప్లాస్టిక్‌కూ, పోతపోసిన లోహానికీ ఆ సౌకర్యం లేదు గనుక, అక్కడ భారమంతా రెండవ సూత్రం మీదే పడుతుంది.

అణువుల ఆకర్షణ ఎంత బలంగా ఉంటుందో చెప్పే కొలతను ఉపరితల శక్తి అంటారు. ద్రవానికి ఇదే కొలతను తలతన్యత అనే పేరుతో చెబుతారు. నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. మినియేచర్ల తయారీలో ఎక్కువగా వాడే గట్టి పాలీస్టైరీన్ ప్లాస్టిక్ ఉపరితల శక్తి 35 నుంచి 40 మధ్య ఉండగా, పాలిథీన్, పాలీప్రొపిలీన్‌లది 30 దరిదాపులలోనే ఉంటుంది. ఉపరితల శక్తి తక్కువగా ఉన్న పదార్థం మీద నీటి ఆధారిత రంగు పరుచుకోక, తామరాకు మీది నీటిబొట్టులా ముద్దగా కూడుకుంటుంది. పాలీస్టైరీన్‌కు మరొక అనుకూలత కూడా ఉంది: స్ప్రే ప్రైమర్‌లోని ద్రావకాలు దాని పైపొరను కొద్దిగా మెత్తబరచి లోపలికి పట్టు దొరకబుచ్చుకుంటాయి. పాలిథీన్ అటువంటి ద్రావకాలకు లొంగదు. ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1959లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు విడుదల చేసిన మెత్తని చిన్న సైనికుల బొమ్మలు పాలిథీన్‌వే కావడం వల్లనే, వంగే తుపాకులు, బల్లేల మీద నుంచి రంగు రాలిపోవడం ఆ తరం అభిరుచివారందరికీ తెలిసిన బాధ అయింది. అటువంటి బొమ్మలకు మామూలు స్ప్రే కంటే, ప్లాస్టిక్ కోసం ప్రత్యేకంగా తయారైన పట్టుపెంచే పూత గాని, బొమ్మతో పాటు వంగగల సాగుడు పొర గాని మేలు.

అపోహ: పెట్టెలోంచి తీసిన కొత్త బొమ్మ శుభ్రమైనదే

బొమ్మ కంటికి శుభ్రంగా కనిపించవచ్చు గాని, అచ్చు నుంచి తేలికగా ఊడిరావడానికి తయారీదారులు వాడే విడుదల పదార్థం దాని మీద మిగిలిపోయి ఉండవచ్చు. సిలికోన్ అచ్చులలో పోసే పాలీయురెథేన్ రెజిన్ బొమ్మలలో ఇది ప్రధాన శత్రువు. రబ్బరు అచ్చులను వేగంగా తిప్పుతూ పోతపోసే తగరపు మిశ్రలోహ బొమ్మల మీద టాల్కం పొడి మిగలవచ్చు. ఉక్కు అచ్చులలో ఒత్తిడితో పోసే పాలీస్టైరీన్ బొమ్మలలో ఈ సమస్య తక్కువే గనుక, కడగకుండా వేసినా తనకేమీ కాలేదని చెప్పే వారి మాట కూడా అబద్ధం కాదు. వారి అనుభవాన్ని రెజిన్‌కు అన్వయించడమే పొరపాటు. గోరువెచ్చని నీరు, గిన్నెలు తోమే సబ్బుద్రవం, పాత పళ్ల బ్రష్ ఈ పనికి చాలు. మరిగే నీరు వాడితే సన్నని కత్తులు, చేతులు వంగిపోతాయి. కడిగిన తరువాత పూర్తిగా ఆరనిచ్చి, బొమ్మను సీసా బిరడాకో పిడికో అంటించి పట్టుకుంటే, చేతి జిడ్డు మళ్లీ చేరదు. నునుపైన లోహం మీద సన్నని ఉప్పు కాగితంతో తేలికగా రుద్దడం అదనపు పట్టునిస్తుంది. అయితే పాత బొమ్మలలో సీసం ఉండే అవకాశం ఉన్నందున, వాటిని పొడిగా కాక తడిపి రుద్దడం, చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

త్రీడీ ప్రింటర్‌తో తీసిన రెజిన్ బొమ్మల కథ వేరు. అతినీలలోహిత కాంతితో గట్టిపడే ఆ రెజిన్‌లో గట్టిపడని జిగట ఏ మడతలోనైనా మిగిలితే, దాని మీద ఏ ప్రైమరూ నిలవదు. ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరువాతే కాంతిలో గట్టిపరచాలి. గట్టిపడని రెజిన్ చర్మానికి హాని చేస్తుంది గనుక చేతి తొడుగులు లేకుండా ఆ పని చేయరాదు.

అపోహ: మంచి ఎండ ఉంటే స్ప్రే బాగా పడుతుంది

తెలుగు నేల మీద ఈ అపోహ చేసే నష్టం అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే డబ్బాల మీది సూచనలు ఎక్కువగా చల్లని దేశాల వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకొని రాసినవి. స్ప్రే తుంపర బొమ్మను చేరేసరికి తడిగా ఉండాలి. 40 డిగ్రీలు దాటిన విజయవాడ వేసవి మధ్యాహ్నం, వేడిగాలి వీచే మేడ మీద, దూరం నుంచి కొట్టిన తుంపరలోని ద్రావకం దారిలోనే ఆవిరైపోయి, ప్రైమర్ ఇసుక రేణువుల్లా పొడిగా బొమ్మ మీద వాలుతుంది. మొదట చెప్పిన, వేళ్ల మధ్య పొడిలా నలిగే పొర పుట్టేది ఇక్కడే.

తేమ చేసే చెరుపు మరొక తీరుది. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పూత నుంచి వేడిని లాక్కుపోతుంది గనుక ఉపరితలం చల్లబడుతుంది. గాలిలోని ఆవిరి నీటిగా మారే ఉష్ణోగ్రతను మంచు బిందువు అంటారు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున అది సుమారు 26 డిగ్రీలు. అంటే విశాఖ తీరంలో వానాకాలపు సాయంత్రం పూత నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, దాని మీద కంటికి కనిపించని నీటి పొర ఏర్పడి, ప్రైమర్ తెల్లగా పాలిపోతుంది, పట్టు కోల్పోతుంది. కాబట్టి వేసవిలో తెల్లవారుజామునా, వానాకాలంలో తెరిపి ఇచ్చి గాలి పొడిబారిన వేళలోనూ స్ప్రే చేయడం, అదీ కుదరకపోతే నీటి ఆధారిత ప్రైమర్‌ను కుంచెతో గాని ఎయిర్‌బ్రష్‌తో గాని పూయడం వివేకం. డబ్బాను ఎండలో పెట్టి వేడి చేయడం మాత్రం ఎన్నడూ చేయరాదు. 50 డిగ్రీలు దాటిన చోట ఉంచవద్దన్న హెచ్చరిక వాటి మీద ముద్రించి ఉంటుంది.

అపోహ: జిగటగా ఉంటే మరికొన్ని రోజులు ఆగితే చాలు

గట్టి ప్లాస్టిక్ మీద ఇది కొంతవరకు నిజం. మెత్తని పీవీసీ బొమ్మల మీద నిజం కాదు. ఆ ప్లాస్టిక్‌ను వంగేలా చేసేందుకు కలిపే మెత్తబరిచే ద్రవం నెమ్మదిగా పైకి ఊరి, ద్రావకంతో కూడిన స్ప్రే ప్రైమర్‌లోకి చేరితే, పూత నెలలు గడిచినా ఆరదు. రీపర్ సంస్థ 2012 నుంచి విస్తృతంగా విడుదల చేసిన బోన్స్ బొమ్మల విషయంలో ఈ అనుభవం చాలామందికి కలిగింది. వాటిని సబ్బునీటితో కడిగి, నీటి ఆధారిత అక్రిలిక్ రంగునే నీళ్లు కలపకుండా మొదటి పూతగా వేస్తే సమస్య రాదు.

అపోహ: పూత మందమైతే పట్టు గట్టిపడుతుంది

మందపు పొరలో పైభాగం ముందుగా ఆరి, లోపలి ద్రావకాన్ని బంధిస్తుంది. తరువాత పొర కుంచించుకుపోతూ అంచుల వద్ద లేస్తుంది, ముఖ కవళికలు పూడుకుపోతాయి. రెండు మూడు పలుచని పూతలే బలం. దీనికి వ్యతిరేక దోషం రంగును నీళ్లతో మరీ పలచన చేయడం. రంగు కణాలను పట్టి ఉంచే బంధక పదార్థం నీటిలో చెదిరిపోతే పొర పెళుసవుతుంది గనుక, బాగా పలచన కావాలన్నప్పుడు నీటికి బదులు అక్రిలిక్ మీడియం వాడాలి.

అక్రిలిక్ రంగు చేతికి అంటకపోవడం ఆరడం మాత్రమే. అందులోని సూక్ష్మ కణాలు ఒకదానిలో ఒకటి కలిసి ఏకపొరగా గట్టిపడటం అంతకంటే చాలా నిదానంగా జరుగుతుంది. ప్రైమర్ వేసిన తరువాత ఒక రోజైనా ఆగమనడం ఇందుకే. పైన వేసే వార్నిష్ రాపిడిని అడ్డుకుంటుందే గాని, కింద లేని పట్టును తెచ్చిపెట్టదు.

అపోహ: ఊడిన చోట మళ్లీ రంగు దిద్దితే సరిపోతుంది

దెబ్బ తగిలి ఒక్క అంచు రాలితే దిద్దవచ్చు. తేలికగా గోకినా పెచ్చులు వస్తుంటే, మొత్తం రంగు తొలగించడమే మార్గం. అయితే తొలగించే ద్రవాన్ని పదార్థాన్ని బట్టి ఎంచుకోవాలి: లోహపు బొమ్మకు హాని చేయని అసిటోన్, పాలీస్టైరీన్ బొమ్మను కరిగించి ముద్ద చేస్తుంది. బ్రిటన్‌లో ఎందరో వాడే డెటాల్ ప్లాస్టిక్ మీది అక్రిలిక్‌ను మెత్తబరుస్తుంది గాని, ఆ దశలో నీరు తగిలితే కరిగిన రంగు జిగట ముద్దగా మారి తిరిగి అంటుకుంటుంది. అందుచేత మొదట డెటాల్‌లోనే బ్రష్‌తో రుద్ది, తరువాతే సబ్బునీటితో కడగాలి.

బొమ్మ భాగాలతో పాటు వచ్చే ప్లాస్టిక్ చట్రాన్ని పారేయకుండా, దాని ముక్కను కడిగి, బొమ్మకు వేయబోయే ప్రైమర్‌నే ముందుగా దాని మీద వేసి, ఒక రోజు తరువాత బ్లేడుతో గళ్లు గీసి, అంటుకునే టేపు అతికించి ఒక్క ఊపున లాగి చూడాలి. పరిశ్రమలలో ఐఎస్ఓ 2409 ప్రమాణం కింద చేసే గళ్లకోత పరీక్షకు ఇది ఇంటి రూపం. టేపుకు గళ్లు అంటుకొని వస్తే, ఆ రోజున, ఆ ప్రైమర్‌తో అసలు బొమ్మ జోలికి పోవద్దు.