పెళ్లి ముందా, వీసా ముందా? కులాంతర జంటలు తెలుసుకోవాల్సినవి

నిర్మల్ జిల్లా భైంసా చుట్టుపక్కల పల్లెల నుంచి ఎందరో యువకులు బతుకుదెరువు కోసం గల్ఫ్‌కు పోతున్నారు. వారిలో కులం దాటి ప్రేమించినవాళ్లూ ఉన్నారు. "ముందు వీసా రానీ, తర్వాత పెళ్లి చేసుకుందాం" అనే మాట వాళ్ల మధ్య తరచూ వస్తుంది. చాలా దేశాల విషయంలో అది కుదరదు.

దుబాయ్‌కి భార్యను తీసుకుపోవాలంటే పెళ్లి సర్టిఫికెట్ తప్పనిసరి. దానిపై మన రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ ముద్రలు ఉండాలి. భర్త జీతం నెలకు 4,000 దిర్హమ్‌లు, లేదా 3,000తో పాటు కంపెనీ వసతి ఉండాలి. అంత జీతం లేకపోతే పెళ్లయినా వీసా రాదు. కాబట్టి మాట ఇచ్చే ముందే జీతం కాగితం చూడాలి.

కెనడాలో కాబోయే భార్యకు స్పాన్సర్‌షిప్ లేదు. అమెరికాలో ఫియాన్సీ వీసా ఉంది, కానీ దానికి దరఖాస్తు పెట్టగలిగేది అమెరికా పౌరులే. వచ్చిన 90 రోజుల్లో పెళ్లి కావాలి. హెచ్-1బీ, గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ దారి లేదు.

అంటే పెళ్లే ముందు. మరి ఏ చట్టం కింద? మతాలు వేరైనవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఇందులో 30 రోజుల నోటీసు ఆఫీసులో అంటిస్తారు. హైదరాబాద్‌లో దరఖాస్తు పెట్టినా, శాశ్వత నివాసం ఉన్న జిల్లా ఆఫీసుకూ కాపీ పోతుంది. ఇంట్లో ముప్పు ఉన్న జంటకు ఇది ప్రమాదం. నెల సెలవు మీద వచ్చే అబ్బాయికి గడువూ చాలదు.

ఇద్దరూ హిందువులైతే, లేదా బౌద్ధులైతే, 1955 హిందూ వివాహ చట్టం వర్తిస్తుంది. ఇందులో ముందస్తు నోటీసు ఉండదు. పెళ్లి చేసుకుని రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా 1872 క్రైస్తవ వివాహ చట్టం ఉంది.

బెదిరింపులుంటే పోలీసు రక్షణ అడగడం మీ హక్కు. ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్, 24 గంటల హెల్ప్‌లైన్ ఉండాలని సుప్రీంకోర్టు 2018లో శక్తివాహిని కేసులో ఆదేశించింది. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో ప్రణయ్ హత్య తర్వాత ఈ భయాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోలేరు.

ఆధార్, పాస్‌పోర్టు, పదో తరగతి మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. సర్టిఫికెట్ అసలు కాపీ అమ్మాయి దగ్గరే ఉండాలి.